నలభై మూడు తలుపుల సినిమా

కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, గొంతు పెంచకుండా, ఒక్క మధ్యాహ్నంలో దేశం దేశాన్నే ఏడిపించిన మనిషి ఒకాయన ఉన్నారు. ఎందుకు ఏడుస్తున్నారో ఏడ్చేవాళ్ళకే తెలియకపోవడం అందులో గొప్ప. ఆ రోజు దుకాణాల్లో చేతిరుమాళ్ళు అయిపోతే దిండు గలీబులు అమ్మారు. సాయంత్రం కొళాయి నీళ్ళు ఉప్పగా వచ్చాయని పిల్లల మీద ఒట్టేసి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఆయన టీవీ స్టేషన్లో సినిమాలు కత్తిరిస్తారు. ఆఫీసులో అందరూ తలుపులాయన అంటారు. ఏ సినిమా ఇచ్చినా ఆయన కథ చూడరు, పాటలు వినరు. శబ్దం కట్టేసి తలుపులు లెక్కపెడతారు. ఒక తలుపు మూసుకున్న చోట మొదలుపెట్టి, ఇంకో తలుపు తెరుచుకున్న చోట ఆపి, మధ్యలోది తీసేస్తారు. ఏది తీశారో ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకుంటారు. మూసిన తలుపు వెనక ఏం జరిగిందని మర్యాద తెలిసినవాడెవడూ అడగడని ఆయన సిద్ధాంతం. ఈ పద్ధతిలో ఇద్దరు విలన్లను తెర మీదికి రాకముందే సాగనంపారు, ఒక యుద్ధాన్ని వాకిలి దాటనివ్వలేదు, ఓ కథానాయికకు పెళ్ళిచూపులైనా లేకుండా కవలల్ని ఇచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఏటా సెలవులకి టీవీలో వచ్చే గొడుగుల సినిమా మాత్రం ఆయన మెడకి చుట్టుకుంది.

ఊళ్ళో వానలు మానేస్తే గొడుగులు చేసుకు బతికే కుటుంబం ఏం చేసిందన్నది ఆ సినిమా కథ. తల్లీ తండ్రీ, అయిదుగురు పిల్లలు, బట్టలుతికే మనిషి, ఓ తెల్ల బాతు. బాతు తప్ప అందరూ పాడతారు. సినిమా మూడు గంటలు, స్టేషన్ ఇచ్చే సమయమూ మూడు గంటలే. మధ్యలో ప్రకటనలు అరగంట. ఆ అరగంట సినిమాలోంచే పోవాలి. తలుపులాయన లెక్కలో ఆ సినిమా అంటే నలభై మూడు తలుపులు. అందులో డాబా తలుపు దేవుడిచ్చింది. బట్టలుతికే మనిషి పిల్లల్ని వెంటేసుకుని డాబా మీదికి వెళ్ళగానే మూసుకుంటుంది, దుప్పట్ల పాట పాడి దిగేటప్పుడు తెరుచుకుంటుంది. సరిగ్గా నాలుగు నిమిషాల పది సెకన్లు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ముందుగా పోయేది అదే.

ఆ ఒక్క పాట కోసం ఆ సినిమా చూసే మనిషి భూమ్మీద ఒకరే ఉన్నారు. ఆవిడ ఆయనకు అత్తగారు.

అత్తగారు ముప్పై ఆరేళ్ళు లాండ్రీ నడిపారు. వయసులో ఉండగా ఓ సెలవు రోజున, కొట్లో పనిచేసే ఆడపిల్లలందరితో కలిసి ఆ సినిమా హాల్లో చూశారు. అంతే, ఆ పాట మళ్ళీ వినలేదు. సినిమాల్లో రాజుల మీద పాటలున్నాయి, రైళ్ళ మీద ఉన్నాయి, జలుబు మీద కూడా ఉంది. దుప్పటి పిండడం మీద ఉన్నది ఆ ఒక్కటేనని ఆవిడ వాదన. లాండ్రీలో ఆవిడ పెట్టిన నియమమూ ఒకటే: జేబులో ఏం దొరికినా డబ్బాలో దాచాలి, పారెయ్యకూడదు, బట్టలిచ్చిన మనిషి అడిగేదాకా ఆ ఊసెత్తకూడదు. ఆ నియమం వల్ల వీధిలో రెండు కాపురాలు నిలబడ్డాయి. ఒకటి కూలింది, ఆ ఇంటాయన అడిగాడు కాబట్టి.

కొట్టు మూసేసి కూతురింటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఖాళీగా కూర్చోలేక అల్లుడి చొక్కాలు తనే ఉతికి ఇస్త్రీ చేస్తారు. ఏటా సెలవుల్లో టీవీ ముందు అందరికంటే ముందు కూర్చుంటారు. డాబా తలుపు దగ్గరికి రాగానే కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగుతారు. తలుపు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, అందరూ భోజనానికి కూర్చుని ఉంటారు. అప్పుడావిడ వెనక్కి వాలి, ఎవడు కత్తిరించాడో వాడికి జన్మలో ఇస్త్రీ చొక్కా దొరక్కుండా పోవాలని శపిస్తారు. అల్లుడు ఇస్త్రీ చొక్కాలోనే కూర్చుని, బొత్తిగా కళాహృదయం లేనివాడై ఉంటాడని వంత పాడతారు. స్టేషన్లో ఆయనది టేపులు సర్దే పనని ఇంట్లో చెప్పి ఉంచారు. నిజం తెలిసిన భార్య, ఇంటి శాంతి కోసం, అప్పుడే టీ పెట్టడానికి లేస్తుంది.

ఈసారి సెలవులకి పదిరోజుల ముందు నుంచీ టీవీలో చెప్పడం మొదలుపెట్టారు: గొడుగుల సినిమా మళ్ళీ వస్తోంది, ఇదే ఆఖరిసారి. ప్రసారం చేసుకునే హక్కు స్టేషన్‌కి ఈ ఏడాదితో తీరిపోతోంది. కొట్లలో క్యాసెట్ కూడా దొరకదు. ఇస్త్రీ చేస్తున్న అత్తగారు పెట్టె పక్కన పెట్టి ఆ ప్రకటన రెండుసార్లు విన్నారు. ఈసారి శపించలేదు.

“పోనీలే. ఆ కత్తిరించేవాడికీ ఇంట్లో ఓ అత్తగారు ఉండే ఉంటుంది. ఆవిడకైనా వినిపించి ఉంటాడు,” అన్నారంతే.

ఎనిమిదేళ్ళ తిట్లకి చలించని మనిషి ఆ పూట అన్నం సగంలో వదిలేశారు.

మర్నాడు ప్రోగ్రాం అధికారి దగ్గరికి వెళ్ళి ప్రకటనల్లోంచి నాలుగు నిమిషాల పది సెకన్లు అడిగారు. పాట కోసం జనం పళ్ళు తోముకోవడం మానరు కాబట్టి పేస్టు ప్రకటన తీయడం కుదరదని ఆయన చెప్పాడు. సబ్బూ కుదరదు, టైర్లూ కుదరవు. ఇక దారి ఒకటే. డాబా తలుపు ముట్టుకోకుండా వేరే రెండు తలుపుల మధ్య అంతే నిడివి వెతకాలి. తలుపులాయన ఎప్పటిలాగే శబ్దం కట్టేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని నలభై మూడు తలుపులూ తిరిగారు. వంటింటి తలుపు మూసుకున్న దగ్గర్నుంచి వీధి గేటు తెరుచుకునేదాకా నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు ఉంది. ఒక సెకను లాభం కూడా. తీసేసి, చీటీ రాసి జేబులో పెట్టుకున్నారు. ఆ నాలుగు నిమిషాల్లో ఏముందో చూడలేదు. చూడటం ఆయన పద్ధతి కాదు.

ప్రసారం రోజు మధ్యాహ్నం అందరూ టీవీ ముందు చేరారు. డాబా తలుపు మూసుకుంది. అత్తగారు అలవాటుగా వెనక్కి వాలబోయారు. తెర మీద తెల్ల దుప్పట్లు గాలికి లేచాయి.

నాలుగు నిమిషాల పది సెకన్లు ఆ గదిలో ఎవరూ కదలలేదు. పాట అయ్యాక అత్తగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచారు. ఆ జోడుకి అంత తుడుపు అక్కర్లేదు.

“అలా మెలిపెట్టి పిండకూడదు. నేత దెబ్బతింటుంది,” అన్నారు.

ఇంకో గంటకి వంటింటి తలుపు మూసుకుంది. వెంటనే వీధి గేటు తెరుచుకుంది. సినిమాలో కుటుంబమంతా లాంతర్లు పట్టుకుని వీధుల వెంట ఏడుస్తూ పాడుతూ వెతుకుతోంది. నువ్వు లేని ఇల్లు ఇల్లే కాదంటున్నారు. నువ్వు ఎవరో చెప్పడం లేదు.

“ఎవరు తప్పిపోయారు నాన్నా?” అని అడిగింది తలుపులాయన కూతురు.

అందరూ పిల్లల్ని లెక్కపెట్టారు. అయిదుగురూ ఉన్నారు. మళ్ళీ లెక్కపెట్టారు. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, బట్టలుతికే మనిషీ ఉంది. దేశంలో ప్రతి ఇంట్లోనూ అదే లెక్క నడిచింది. ఎవరు పోయారో తెలియనప్పుడు ఎవరికి వాళ్ళు తమ ఇంట్లో లేనివాళ్ళని తలుచుకుంటారు కదా, అక్కడే కొంప మునిగింది. ఆఖరికి బాతు గేటు తోసుకుని లోపలికి వస్తే, అది ఎప్పుడు వెళ్ళిందని అడిగే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు.

సినిమా అవుతూనే ఫోన్ మోగింది. ప్రోగ్రాం అధికారి. స్టేషన్‌కి మూడు వందల మంది ఫోన్ చేశారట. అందులో ఒక పెద్దాయన, పోయినవాళ్ళ పేరు చెబితే సంతాపం తెలుపుతానన్నాడట. తలుపులాయన అందరి మధ్యా నిలబడి రిసీవర్ పట్టుకున్నారు.

“అవునండీ. నేనే కత్తిరించాను. వంటింటి తలుపు నుంచి గేటు దాకా. లేదండీ, బాతు అందులో వెళ్ళిపోతుందని తెలీదు. పాట ఉంచాలని చేశాను.”

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు లేచి లోపలికి వెళ్ళారు. భార్య టీ పెట్టడానికి లేవబోయి, పొయ్యి మీద టీ ఉందని గుర్తొచ్చి కూర్చుంది. అత్తగారు ఓ బిస్కెట్ల డబ్బాతో వచ్చి అల్లుడి ముందు మూత తీశారు. లోపల మడతలు విప్పి, ఇస్త్రీ చేసిన ఎనిమిది చీటీలు. అన్నిటి మీదా ఆయన దస్తూరీయే, అన్నిటిలో మొదటి పద్దూ ఒకటే: డాబా తలుపు, నాలుగూ పది, తీసెయ్యాలి.

“మీ జేబులో దొరికాయి అల్లుడుగారూ. అడిగితే ఇచ్చేదాన్ని.”

“మరి ఇన్నేళ్ళూ వాణ్ణి అలా తిట్టారు కదా అత్తయ్యగారూ?”

“మీరూ తిడుతున్నారు కదా. తోడుంటే తిట్టబుద్ధేస్తుంది.”

ఆయన జేబు తడుముకుని ఈ ఏడాది చీటీ బయటికి తీయబోయారు. ఆవిడ వద్దని చెయ్యి ఊపారు. రేపు చొక్కా ఉతకడానికి వేస్తారు కదా, పద్ధతి ప్రకారం అప్పుడే తీసుకుంటానన్నారు. ఆ తొమ్మిదో చీటీ ఇప్పుడు డబ్బాలో అన్నిటికంటే పైన ఉంటుంది.

తర్వాత వారం స్టేషన్‌కి ఉత్తరాలు బస్తాల్లో వచ్చాయి. ఆ సినిమా అంత బాగా ఎప్పుడూ లేదని సగం మంది రాశారు. ప్రోగ్రాం అధికారి కోపం తగ్గించుకుని, అది తన ఆలోచనేనని పైవాళ్ళకి చెప్పుకున్నాడు. వీధిలో మాత్రం అందరికీ అసలు మనిషి తెలుసు. తలుపులాయన కనిపిస్తే చాలు, దేశాన్నంతా ఏడిపించారట కదండీ అని ఆపుతారు. ఆయన ఆగి, ఇస్త్రీ చొక్కా సర్దుకుని, అందరికీ ఒకే మాట చెబుతారు:

“దేశం సంగతి నాకు తెలీదండీ. మా ఇంట్లో ఏడ్చింది మా అత్తగారొక్కరే. అదీ, దుప్పటి తప్పుగా పిండుతున్నారని.”