బరువు తగ్గినవాళ్ళకి చప్పట్లు

మా వదినకి థైరాయిడ్ అని తేలిన రోజున మా ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. "ఓస్, అంతేనా! పొద్దున్నే ఒక మాత్ర మింగితే పోయేదానికి ఇంత హడావుడా?" అన్నాడు మా అన్నయ్య. అంతకుముందు ఆవిడ కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతుంటే బద్ధకమనీ, అందరం విసనకర్రలు పట్టుకున్న రోజుల్లో ఆవిడ శాలువా కప్పుకుంటే వేషాలనీ అన్నది ఈ ఇల్లే. మాత్ర మొదలయ్యాక ఆ మాటలు పోయి కొత్త మాట వచ్చింది. "మాత్ర వేసుకుంటున్నావుగా, ఇంకా ఏంటి నీరసం?" ఈ ప్రశ్న వినీ వినీ మా వదినకి ఒళ్ళు మండిపోయేది. అసలే ఆవిడకి ముక్కుమీద కోపం.

వదిన లేడీస్ బ్యూటీ పార్లరు నడుపుతుంది. నేనూ అక్కడే పనిచేస్తాను. తల కడగడం, తువ్వాళ్ళు ఉతకడం, టీ పెట్టడం నా వంతు. కత్తెర, దారం ఆవిడవి. కనుబొమలు దిద్దేటప్పుడు దారం కొస పళ్ళ మధ్య బిగించి పట్టుకోవాలి కాబట్టి అప్పుడు మాట్లాడటం కుదరదు. రోజు మొత్తంలో ఆవిడ నోరు మూసుకుని ఉండేది ఆ కాసేపే.

జుట్టు రాలిపోతోందంటూ వచ్చేవాళ్ళు మా దగ్గర ఎక్కువ. ఏదైనా మంచి నూనె చెప్పమని కుర్చీలో కూర్చుంటారు. మెడ చుట్టూ గుడ్డ కట్టి దువ్వెన పెట్టేసరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటారు. కథ జుట్టు దగ్గర మొదలై నిద్ర దగ్గరకి, అక్కడి నుంచి మొగుడి దగ్గరకి, అత్తగారి దగ్గరకి వెళ్తుంది. అందులో చాలామందికి ఉన్నది మా వదిన జబ్బే. వాళ్ళు చెప్పేవన్నీ మా ఇంట్లో మాటలే. వినగా వినగా ఒకరోజు వదిన కత్తెర పక్కన పెట్టేసింది.

"సోమవారం ఎలాగూ మనకి సెలవు. సాయంత్రం థైరాయిడ్ వాళ్ళందర్నీ ఇక్కడికే రమ్మంటాను. మందు చెప్పను, నూనె అమ్మను. ఊరికే కూర్చుని మాట్లాడుకుంటాం. ఇంకా ఏంటి నీరసం అని అడిగేవాళ్ళు లేని గది ఒక్కటన్నా ఉండాలి కదే!" అంది నాతో.

మొదట నలుగురే వచ్చారు. కొన్నాళ్ళకి కుర్చీలు చాలక తల కడిగే బేసిన్ అంచు మీద కూడా కూర్చునేవారు. పొద్దున లేవగానే కారణం లేకుండా ఏడుపొస్తుందని ఒకావిడ చెబితే, ఇంకో మూల నుంచి "నాకూ" అని వినిపించేది. పిల్లల పేర్లు కూడా మర్చిపోతున్నానంటే మళ్ళీ "నాకూ". ఆ ఒక్క మాట కోసం రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. డాక్టరు మాత్ర మోతాదు మార్చినప్పుడల్లా పాత షీట్లు సగంలో మిగిలిపోతాయి. వాటిని పారేయడం ఎందుకు, ఎవరికైనా అయిపోయినప్పుడు అక్కరకొస్తాయని వదిన ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి అద్దం కింద అరలో పెట్టింది. మిగిలినవాళ్ళు వేసేవారు, కావలసినవాళ్ళు తీసుకునేవారు. అది అంతవరకూ వస్తుందని మాలో ఎవరికీ తోచలేదు.

గుంపులో మగవాడు ఒక్కడే, డ్రిల్లు మాస్టారు. బళ్ళో పిల్లల చేత కసరత్తులు చేయించి రిటైరైన మనిషి. లేడీస్ పార్లరులో అడుగుపెట్టడానికి మొహమాటపడి, గుమ్మం బయట స్టూలు వేసుకుని, వీధివైపు తిరిగి కూర్చునేవాడు. మాట్లాడినా అటు తిరిగే మాట్లాడేవాడు. తన మలబద్ధకం గురించి ఆయన వీధికి చెప్పుకుంటుంటే దారినపోయేవాళ్ళు ఆగి వినేవారు.

ఒక సోమవారం ఆయన చంకలో బరువు తూచే మిషను పెట్టుకుని వచ్చాడు.

"కబుర్లతో రోగం తగ్గదమ్మా! మనిషికో లక్ష్యం ఉండాలి. వారం వారం తూచుకుందాం. తగ్గినవాళ్ళకి అందరం చప్పట్లు కొడదాం. మా బళ్ళో ఇలాగే చేసేవాణ్ణి" అన్నాడు.

వదినకి నచ్చలేదు. "మాస్టారూ, మేం ఇక్కడికొచ్చేది తూకానికి కాదండీ" అంది. కానీ అప్పటికే అందరూ చెప్పులు విప్పి వరసలో నిలబడ్డారు. ఏం చేస్తుంది? ఊరుకుంది. నెల తిరిగేసరికి మాటలన్నీ అడుగంటిపోయాయి. నాకూ అన్నవాళ్ళే "ఎంత?" అని అడగడం మొదలుపెట్టారు. బరువు తగ్గనివాళ్ళు మొహం చాటేశారు. చప్పట్లు కొట్టడంలో అందరికంటే హుషారు స్టేషనరీ షాపువాళ్ళ కోడలిది. మామూలుగా నోట్లో నాలుక లేనట్టుండే ఆ మనిషి, మిషను దగ్గర మాత్రం ముందు వరసలో నిలబడేది.

బేకరీ ఆవిడ సంగతి చెప్పాలి. ఆమె మాలో అందరికంటే లావు, అందరికంటే నవ్వు మొహం. ఏళ్ళ తరబడి బేకరీ కౌంటర్లో నిలబడి, ఏ ఇంట్లో ఏ బ్రెడ్డు తింటారో, ఏ పిల్లకి ఏ రంగు క్రీము ఇష్టమో కంఠతా పట్టిన మనిషి. పుట్టినరోజు కేకుల మీద పేర్లు ఆమె రాస్తేనే అందం. అలాంటిదాన్ని యజమాని ఒకరోజు వెనక ప్యాకింగ్ గదిలోకి మార్చేశాడు. "నిన్ను కౌంటర్లో చూస్తే మన కేకులు తింటే ఇలా అయిపోతామని జనం పారిపోతారు" అన్నాడట. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఆమె కూడా నవ్వాల్సి వచ్చింది. కిటికీ లేని గదిలో అట్టపెట్టెలు మడుస్తూ, కౌంటర్లో పలకరింపులు గోడ ఇవతల నుంచి వినేది. "అక్కా, అక్కడ నన్ను అడిగేవాళ్ళే లేరు" అని మాకు చెప్పి ఏడ్చింది. అది మిషను రాకముందు. ఆ రోజు గదిలో అందరూ ఆమెతో పాటు ఏడ్చారు.

మిషను వచ్చాక ఆమె బరువు తగ్గడం మొదలుపెట్టింది. కాస్త కాస్త కాదు, జాకెట్లు వదులై భుజాల మీంచి జారిపోయేలా తగ్గింది. మాస్టారు ఆమెని నెత్తిన పెట్టుకున్నాడు. వీధివైపు తిరిగి ఆమె బరువు చాటింపు వేసేవాడు. రహస్యం చెప్పమని అందరూ చుట్టుముడితే, "ఏం లేదు, రాత్రిళ్ళు తక్కువ తింటున్నా" అనేది. బేకరీవాడు మళ్ళీ కౌంటరుకి పిలిచాడు. ఆ వారం మా గది చప్పట్లతో అదిరిపోయింది. వదిన కూడా కొట్టింది.

తర్వాత ఒక పని రోజున ఆమె జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. బయట చలి కొరికేస్తోంది. తల బేసిన్‌లో వాల్చి నేను వేడినీళ్ళ కుళాయి తిప్పబోతే, "చల్లనీళ్ళు పొయ్యవే, ఒళ్ళంతా ఆవిర్లు" అంది. నేను విస్తుపోయాను. వేడినీళ్ళు చాలడం లేదని నాతో పోట్లాడే మనిషి! నుదుటి మీద చెమట. ఒళ్ళో పెట్టుకున్న చేతులు సన్నగా వణుకుతున్నాయి. మెడ కింద తువ్వాలు సర్దుతుంటే నా వేళ్ళకి నాడి తగిలింది. పరిగెత్తి వచ్చినవాళ్ళకి కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది, మనిషేమో కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"వదినా, ఒకసారిలా రా!" అని కేకపెట్టాను.

ఎవరివో కనుబొమలు సగంలో వదిలేసి, నోట్లో దారంతోనే వచ్చింది వదిన. మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. దారం ఉమ్మేసింది.

"రోజుకి ఎన్ని మాత్రలు వేసుకుంటున్నావ్?"

బేకరీ ఆవిడ కళ్ళు మూసుకుంది. "డాక్టరు చెప్పింది ఒకటి. నేను ఇంకో రెండు... ఒక్కోరోజు మూడు. ఎక్కువైతే మనిషి సన్నబడతాడని ఎవరో అనుకుంటుంటే విన్నా."

"ఎక్కడివి?"

ఆమె అద్దం కింద అరవైపు చూసింది. వదిన వెళ్ళి డబ్బా మూత తీసింది. పైన పరిచినట్టు రెండు షీట్లు, అడుగున అన్నీ ఖాళీవి. మా వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా చేత్తో పెట్టానే ఇది! నా చేత్తో!" అంటూ నెత్తి కొట్టుకుంది.

ఇప్పుడే డాక్టరు దగ్గరకి పోదాం లెమ్మంది. బేకరీ ఆవిడ తడి జుట్టుతో లేచి నిలబడి, "రాను. ఆపితే మళ్ళీ లావైపోతాను. మళ్ళీ ఆ గదిలో కూర్చోమంటావా?" అంది.

"గుండె ఆగిపోతుందే!"

"ఆ గదిలో ఆగే ఉంది అక్కా. నువ్వెవరికైనా చెప్పావో, నా మొహం మళ్ళీ చూడవు."

జుట్టు కూడా కత్తిరించుకోకుండా వెళ్ళిపోయింది. డబ్బాలో మిగిలినవి వదిన మందుల షాపులో ఇచ్చేసింది. సోమవారం గుమ్మంలోనే నిలబడి, ఇక తూకాలు లేవు, చప్పట్లు లేవు, డబ్బా లేదు అని చెప్పేసింది. ఆమె పేరెత్తకుండానే, మాత్రలు ఎక్కువ మింగితే గుండె మీదకొస్తుందని గొంతు చించుకుని చెప్పింది. గోడకి చెప్పినా కాస్త నయం. బేకరీ ఆవిడ నేల చూపులు చూస్తూ కూర్చుంది. "తనకి తగ్గడం లేదుగా, అందుకే ఓర్చుకోలేకపోతోంది" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. మాస్టారు స్టూలు మీంచి లేచాడు. "లక్ష్యం లేనిచోట నేనుండను" అని వీధికి ప్రకటించి, మిషను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి సోమవారం నుంచి ఆయన వరండాలో తూకాలు మొదలయ్యాయి. ముప్పాతిక మంది అటే పోయారు.

మిగిలిన మేం ముగ్గురం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్ళం. వదిన మాత్రం ఉండబట్టలేక రోజూ సాయంత్రం బ్రెడ్డు కొనే వంకతో బేకరీకి వెళ్ళేది. ఆమె మొహం చూసి రావడానికి. మీరు బేకరీ పెట్టారా ఏంటని అన్నయ్య వేళాకోళం చేసేవాడు. ఒకరోజు నేనూ వెళ్ళాను. బేకరీ ఆవిడ చెంపలు లోపలికి పోయాయి, కళ్ళు పెద్దవయ్యాయి. పొట్లం కడుతుంటే దారం ముడి పడటం లేదు.

"డాక్టరు దగ్గరకి పోదామా?" అని వదిన మెల్లిగా అడిగింది.

"ఇంకేమైనా కావాలా అండీ?" అంది ఆమె.

ఆ అండీ దగ్గర వదినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది. దారి పొడుగునా ఆమెని తిట్టాను. తిట్టే ఓపిక కూడా వదినలో అయిపోయింది.

తర్వాతి సోమవారం మేం తలుపు వేసుకుని కూర్చున్నాం. డ్రిల్లు మాస్టారు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. అన్నాళ్ళలో ఆయన మా గడప దాటడం అదే మొదలు. "పడిపోయిందమ్మా! మిషను మీద నిలబడి... మేం చప్పట్లు కొడుతున్నాం... కొడుతుండగానే కూలబడిపోయింది. మాట రావట్లేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన చెప్పులు లేకుండానే పరిగెత్తింది.

వేళకే తెచ్చారన్నారు ఆసుపత్రిలో. గుండె లయ తప్పిందట. డబ్బా పోయాక డాక్టరు చీటీ పట్టుకుని షాపు షాపు తిరిగి మాత్రలు కొనుక్కునేదట. ఇంకొన్నాళ్ళు ఇలాగే మింగి ఉంటే మనిషి దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మా ఇద్దర్నీ లోపలికి పంపేసరికి ఆమె కళ్ళు తెరిచి ఉంది. వదిన మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ లావవుతానా అక్కా?"

తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట ఇదే. నేనైతే అబద్ధం చెప్పేదాన్ని.

"అవుతావు" అంది వదిన.

"కొంచెమేనా?"

"తెలీదమ్మా. బతికుంటావు. అది తెలుసు."

ఆమె చెయ్యి విడిపించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. వదిన చాలాసేపు ఆ వీపు నిమురుతూ కూర్చుంది.

బయట వరండా బెంచీల మీద అందరూ ఉన్నారు, మా దగ్గర మానేసి వెళ్ళినవాళ్ళు కూడా. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పటికైనా బుద్ధి వచ్చి ఉంటుందని కసిగా అనుకున్నాను. స్టేషనరీ షాపువాళ్ళ కోడలు లేచి నా దగ్గరకి వచ్చింది. చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. ఆ చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అనుకున్నాను.

"ఆవిడ రోజుకి ఎన్ని వేసుకునేదో మీకేమైనా తెలుసా?" అని గుసగుసగా అడిగింది.

"ఎందుకు?"

"ఏం లేదు... అంతకంటే ఒకటి తక్కువ వేసుకుంటే ఏమీ కాదు కదా అని."

వదిన మా వెనకే వచ్చి నిలబడి ఉంది, విన్నది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఖాళీ బెంచీ దగ్గరకి నడిపించింది, పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎప్పట్నుంచి వేసుకుంటున్నావ్?" అని అడిగింది.