చీరాల దుప్పటి

మా బాపట్ల కాలేజీ లైబ్రేరియన్ గారిని కొత్తవాళ్లు "సారా, మేడమా?" అని అడిగితే, కళ్లద్దాలు పైకి తోసుకుని, "రెండూ కాదండి. లైబ్రేరియన్ గారూ అనండి, పలుకుతాను" అనేవారు. ఆ మాటలో కోపం ఉండేది కాదు, సంజాయిషీ అసలే ఉండేది కాదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజుల్లో వారు రిటైరయ్యారు. మా దగ్గర సన్మానమంటే ఆడవాళ్లకు చీర పెడతారు, మగవాళ్లకు కండువా కప్పుతారు. ఏది కొనాలో తేలక స్టాఫ్‌రూమ్‌లో నవ్వులు మొదలయ్యాయి.

"బొమ్మా బొరుసా వేద్దామా మేడం?" అన్నారు తెనాలి నుంచి వచ్చే లెక్కల మాస్టారు.

"పక్క గదిలో మనిషిని పెట్టుకుని రూపాయిబిళ్లని అడుగుతారేంటండీ?" అని కసిరి, నేనే వెళ్లి అడిగాను.

వారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "చీరాల దుప్పటి ఇప్పించండమ్మా. అది కప్పుకున్నవాళ్లని ఎవరూ ఏమీ అడగరు."

సభలో ప్రిన్సిపాల్ గారు దుప్పటి కప్పుతుంటే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వారు మాత్రం అంచులు సర్దుకుని, పట్టువస్త్రం అందుకున్నట్టు తలెత్తి నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది. "లైబ్రేరియన్ గారూ!" అంటూ పిల్లలంతా లేచి చప్పట్లు కొట్టారు.

రేపల్లె నుంచి తెనాలి దాకా నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. వారు అసలు వాదించకుండానే గెలిచారు.