స్విచ్చుల ముందు మా హెడ్డు

హసన్‌పర్తి దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీలో నేను లెక్చరర్‌గా చేరినప్పుడు, మా ల్యాబులో బీరువా అంత మినీ కంప్యూటర్ ఉండేది. దాని మెమరీ అంటే సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. కరెంటు పోయినా వాటిలో ఉన్నది చెరిగేది కాదు. ఒక వానాకాలం స్లాబు కారి ఆ మెమరీ పాడైంది. కొత్తది ఎక్కడా దొరకలేదు. దాని బదులు చిప్పులతో పనిచేసే బోర్డును నేను డిజైన్ చేశాను. ఆ తర్వాతి ఎండాకాలం సెలవులన్నీ సోల్డరింగ్ పొగలోనే గడిచాయి.

యంత్రం నడిచింది. కొన్నాళ్లకు మా డిపార్ట్‌మెంట్ హెడ్డు ఒక సెమినార్‌లో ఆ డిజైన్ తనదని చెప్పుకున్నాడు. ముందు వరుసలో నేను కూర్చునే ఉన్నాను. తర్వాత ఆయన గదికి వెళ్లి అడిగితే, "నువ్వు జర అతుకులు పెట్టినవ్, గంతే గదమ్మా" అన్నాడు. రిటైరై సుబేదారిలో ఇంటిపట్టున ఉన్నా, కూర తరుగుతుంటే ఆ మాట గుర్తొచ్చి పళ్లు కొరుక్కునేదాన్ని.

మొన్న ఆ యంత్రాన్ని పిల్లలకు నడిపి చూపాలని ఒక కొత్త లెక్చరరమ్మ సాయం అడగడానికి వచ్చింది. ఆ కార్యక్రమానికి ముఖ్య అతిథి మా పాత హెడ్డేనట. బోర్డు ఆయన చేసిందే కదా అంది. నేను కాదనలేదు. బాగుచేసి ఇస్తాను, స్టార్ట్ మాత్రం ఆయన చేతనే చేయించమన్నాను.

ఆయన వచ్చాడు. తన డిజైన్ గురించి చాలాసేపు మాట్లాడి స్టార్ట్ స్విచ్ నొక్కాడు. యంత్రం ముందువైపు దీపాల్లో ఒక్కటీ కదల్లేదు. మళ్లీ నొక్కాడు. చిప్పులు ఉంగరాల్లాంటివి కావు, కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతాయి. ఆన్ చేసిన ప్రతిసారీ ముందున్న స్విచ్చులతో మొదటి ఆదేశాలను చేత్తో ఎక్కించాలి. ఆ బోర్డు చేసినవాళ్లకు ఇది తెలియకుండా ఉండదు.

ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా, "ఏమైందమ్మా, జర చూడరాదు" అన్నాడు.

నేను మెల్లగా మాట్లాడలేదు. "మీరు చేసిన బోర్డే గద సార్. పవర్ తీస్తే మెమరీల ఏముంటదో పిల్లలకు చెప్పుండ్రి."

యాదికి లేదన్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. అప్పుడు లేచి, ఆదేశాలు ఎక్కించి స్టార్ట్ నొక్కాను. దీపాలు పరుగెత్తాయి. ఇది ఎవరి డిజైన్ మేడమ్ అని ఒక అమ్మాయి అడిగింది.

ఆయన ముఖంలోకే చూస్తూ, "నాది" అన్నాను.

చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పెద్దాయన, పాపం కద మేడమ్ అంది లెక్చరరమ్మ. నాకు పాపమనిపించలేదు. ఆయన వదిలిన సమోసా కూడా నేనే తిన్నాను.