మా మామ దూదిగుడ్డ

మా మామ పోయాడు. ఈ ఏడు చలి ఇంకా ముదరనే లేదు. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదని చాలాకాలంగా ఆయన నిద్ర అలాగే. కబురు తెచ్చింది ఆయన కొడుకు. సైకిలు దిగకుండానే ఒక కాలు మా అరుగుకు ఆన్చి, "నాయిన లేడు వదినా, మీ అమ్మను పిలుచుకోని రా" అన్నాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కోయంబత్తూరులో ఒక మిల్లులో, దూది ఏకే యంత్రాల దగ్గర ఆయన పని. మీసాలు మొలిచిన నాటి నుంచి అక్కడే.

కోయంబత్తూరులో చలేమిటని నవ్వేవాళ్లుంటారు. వాళ్లు ఒక్కసారి మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, తెల్లారకముందే, మా వీధి నుంచి జొన్నచేల మధ్య బాటన మిల్లుకు సైకిలు తొక్కి చూడాలి. మంచులో ముందుపోయే మనిషి కనబడడు, గంట వినబడుతుంది. వేళ్లు బ్రేకు మీదికి వంగవు. రాత్రి షిఫ్టు వారమైతే మరీ అన్యాయం. లోపలంతా ఉక్క, బయటికి రాగానే తడిచొక్కా మీద ఆ గాలి. "ముందరోడు గంట కొడితే వాడు బతికుండాడని అర్థం. మనమూ కొట్టాల" అనేవాడు మామ. నన్ను బడికి దింపిన రోజుల్లో వెనక కూర్చోబెట్టుకుని, "నా వీపు వెనక దాక్కోమ్మా. ఆ గాలి నాకు తెలిసినోడే" అనేవాడు. సైకిలెక్కే ముందు అరచేతులు రుద్దుకుని హ్యాండిలును కాసేపు గట్టిగా పట్టుకునేవాడు, అదేదో చలికి వణికే ప్రాణి అయినట్టు.

ఈ చలికి మా వీధి ఆడవాళ్లు కనిపెట్టిన మందు దూదిగుడ్డ. మిల్లులో ఊడ్చి పారేసే దూదిని మగవాళ్లు టిఫిను సంచిలో పిడికెడు పిడికెడుగా తెచ్చేవాళ్లు. దాన్ని పాత పంచె ముక్కల మధ్య పరిచి దగ్గర దగ్గరగా కుట్టేవాళ్లు. అది రొమ్మంతా కప్పుతుంది. పైఅంచును ముక్కు మీదికి లాగి తల వెనక ముడేసుకోవాలి. ఉతికితే ముద్ద కడుతుందని ఉతికేవాళ్లు కాదు. ఏ ఇంటి కుట్టు సన్నగా ఉందని వీధిలో పోటీ కూడా ఉండేది. మా అత్తదే ఎప్పుడూ పైచెయ్యి. ఆ ముడి కూడా మామ చేత వేయనిచ్చేది కాదు, తనే వేసేది.

రెండు చలికాలాల కిందట దగ్గు ఎక్కువైతే మామను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. అత్త, నేను. మామ ఆ గుడ్డతోనే వచ్చాడు. డాక్టరు దాన్ని విప్పించి, వెలుతురులో ఒకసారి దులిపాడు. గదంతా సన్నటి ధూళి లేచింది. ఇది ఎవరు చేశారని తమిళంలో అడిగాడు.

"నేనే సార్. ఏటేటా నేనే కుట్టేది" అన్నది అత్త. ఆ ముఖంలో ఎంత సంతోషమో.

డాక్టరు చీటీ రాశాడు. మందు తెమ్మని ఆమెను బయటికి పంపి, అప్పుడు మా ఇద్దరికీ చెప్పాడు. మిల్లు ధూళికి ఆ ఊపిరితిత్తులు సగం పోయాయట. మిగిలిన సగాన్ని ఈ గుడ్డలోని దూది ధూళి తినేస్తోందట. దూదిగుడ్డ ఒక్కటే మామను చంపిందని నేననను. మిల్లులో పీల్చింది చాలదా. కానీ ఇంటికీ మిల్లుకూ నడుమ ఆ బాటన దొరికే కాస్త మంచి గాలికి కూడా మేమే గుడ్డ అడ్డం కట్టాం. 

ఇంటికి వచ్చే దారిలో, అత్త రెండడుగులు ముందు నడుస్తుంటే, మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్తకు చెప్పబాకమ్మా. తెలిసిందంటే అది సూదే కాదు, అన్నం కూడా ముట్టదు."

ఆ మర్నాటి నుంచి అత్త కట్టిన గుడ్డతోనే బయలుదేరేవాడు. వీధి మలుపు తిరిగాక సైకిలు ఆపి, విప్పి, చుట్టి సంచిలో పెట్టి, ఒంటి చొక్కాతో మంచులో పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు అక్కడే మళ్లీ కట్టుకునేవాడు. ఊలు మఫ్లరైనా కొనుక్కోమని పోరాను. "మెడలో చూస్తే ఏంటికని అడగదా? ఊలు గొర్రెకులే అమ్మా, మనం దూదిలో పుట్టినోళ్లం" అని నవ్వబోయి దగ్గాడు. పని మానుకునే దాకా అదే నాటకం.

ఆయన పోయిన రోజు అత్త అందరికీ ఒకటే మాట చెప్పి ఏడ్చింది. "ఒక్కనాడు కూడా చలికి వదల్లేదు నేను. రొమ్ము కప్పే పంపినాను. అయినా పోయినాడే." నేను ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరాను. ఇంకేం చేయగలను?

అత్తకు చదువు రాదు. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లంతా చదివేది తమిళమే, పట్టుబట్టి తెలుగు రాత నేర్చుకున్నది నేనొక్కదాన్నే. ఇది తెలుగులో రాస్తున్నది అందుకే, ఎవరూ ఆమెకు చదివి వినిపించరని.

మా మిల్లుల్లో తండ్రి పని కొడుక్కు ఇస్తారు. దినాలు అయిన వెంటనే మామ కొడుకు అదే యంత్రం దగ్గర చేరాడు. అత్త కొత్త దూదిగుడ్డ కుట్టింది. ఇక ఊరుకోకూడదని నేను అతన్ని పక్కకు పిలిచి విషయం చెప్పబోయాను. సగంలోనే ఆపాడు.

"తెలుసు వదినా. నాయిన చెప్పినాడు. ఎక్కడ విప్పాలో కూడా చూపించి పోయినాడు."

నిన్న తెల్లారకముందే నేను అత్త ఇంట్లో ఉన్నాను. అత్త కొడుక్కు గుడ్డ కట్టి, ముడి బిగించి, వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఈ వారం మా వీధిలో ఆ షిఫ్టుకు పోయేది అతనొక్కడే. మంచులో మలుపు తిరిగాడు. కాసేపటికి అవతలి నుంచి దగ్గు వినబడింది, పొడిగా, ఆగకుండా. అత్త చెవి ఒగ్గి విన్నది.

"ఎవురి బిడ్డో, పాపం. రొమ్ముకు ఏమీ కట్టుకోకుండా పోతాండాడు" అన్నది.