సాంచాలు ఆగిన సాయంత్రం

మీ ఇంట్లో సందె వేళ గోడలు తడుముకుంటూ నడిచేవాళ్ళున్నారా? ఉంటే వాళ్ళను ఏమని తిట్టారు? భక్తి చాలదని నేను తిట్టిన నా పక్కింటి చెల్లెలు మొన్న గురువారం ఆసుపత్రిలో కన్నుమూసింది. కరోనా రోజులు. పొట్టకూటికి వచ్చి మేముంటున్న పరాయి రాష్ట్రపు బస్తీ గోడాదరా నుంచి అంత్యక్రియలకు నలుగురమే వెంట వెళ్ళాం.

సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డులో ఆమె నూలు కండెలు చుట్టేది. పుట్టినప్పటి నుంచీ బక్కప్రాణం. నూనె వస్తువు తింటే కడుపులో నిలిచేది కాదు. శుక్రవారం నేను చేయించే భజన అయ్యాక, పూజలో ఉంచిన గ్రంథం ముందు పెట్టిన నెయ్యి చెంచాడు నేనే ఆమె నోట్లో పోసేవాణ్ణి, బలం వస్తుందని.

"అన్నా, నాకు నెయ్యి పడదు."

"దేవుని నెయ్యి పడకపోవుడేంది?"

"కడుపు గూడ దేవుడే ఇచ్చిండు గద. జర ఆ ఇద్దరు దేవుళ్ళను మాట్లాడుకోమను," అని మింగేది.

నడుస్తూ తన పాదాలను తానే చూసుకునేది. "చూడకపోతే కాళ్ళున్నయో లేవో తెల్వదు," అనేది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. మసక పడితే పాదాలూ కనబడవు. ఇక గల్లీకి రెండు వైపులా ఆడే సాంచాల చప్పుడే దారి. రెండు చెవులకూ సమంగా వినబడితే గల్లీ నడుమ ఉన్నట్టు.

లాక్‌డౌన్ మొదటి సాయంత్రం సాంచాలన్నీ ఆగాయి. తన గుమ్మానికి పది అడుగుల దూరంలో, చేతులు చాచి, ఊగుతూ నిలబడింది. నేను ఎదురుగానే ఉన్నాను. నన్ను దాటి ఎటో చూస్తూ మెల్లగా అడిగింది: "ఎవలన్న ఉన్నరా? ఇండ్లన్నీ ఎటు పోయినయ్?"

మరుసటి ఏడు, ఈమధ్యనే, ఆమెను జ్వరంతో ఆసుపత్రిలో చేర్పిస్తే, తెలుగు డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయించి చెప్పింది. పుట్టుకతో వచ్చిన జబ్బట. తిన్న కొవ్వును ఒంటికి మోసే పదార్థమే తయారు కాదు. కొవ్వు వెంట రావలసిన విటమిన్లూ అందవు. అవి లేక కళ్ళూ నరాలూ చచ్చుబడతాయి. "అమ్మానాన్నలది మేనరికమా?" అంది. అవునన్నాను. పసితనంలోనే తెలిస్తే నూనె, నెయ్యి తగ్గించి, విటమిన్లు పెద్ద మోతాదులో ఇచ్చి చాలా మట్టుకు కాపాడేవాళ్ళమంది.

మంచం పక్కన తల దించుకున్నాను. "నీ తప్పు కాదన్నా. మా తమ్ముని బిడ్డకు మాత్రం నెయ్యి పొయ్యకు," అంది చెల్లెలు.

తమ్ముడిదీ మేనరికమే. "అక్క దినాలు కానియ్యన్నా, అటెన్క చూపిస్త," అంటున్నాడు. నిన్న పొద్దుగూకే వేళ ఆ బిడ్డ గడప మీద ఒక కాలు గాలిలో ఉంచి, కింది మెట్టు కోసం వెతుకుతూ చాలాసేపు నిలబడింది. కాలి కింద మెట్టు ఉంది.

తమ్ముడా, దినాలు ఆగుతాయి, దేవుడూ ఆగుతాడు, ఆ కళ్ళు ఆగవు. మీ ఇళ్ళల్లో ఇలాంటి పిల్లలున్నవాళ్ళూ వినండి. నా ప్రార్థన కోసం రాకండి. బిడ్డను చంకనేసుకుని ఇవాళే, వెలుగుండగానే, డాక్టరు దగ్గరికి నడవండి.