ముత్యాలు దారిలో ఉంది

వాన జల్లుకు చోళ్ళ బస్తా, అదే రాగుల బస్తా, తడిసి ముక్కిన వాసన వస్తే నాకు ఇప్పటికీ వీపు మీద చలి పాకుతుంది. నిన్న వసారాలో బస్తా మూతి విప్పిన పనిమనిషి నా ముఖం చూసి "ఏటమ్మా, అలగైపోనారు?" అంది. చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను. డెబ్బై దాటిన ముసలిదానికి పావురాలంటే భయమంటే ఎవరు మాత్రం నవ్వరు? అప్పన్న తాత పావురాల గూటిలో ఎప్పుడూ ఆ వాసనే ఉండేది. ఆ మనిషిని ఎరిగినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి, చెప్పవలసిందేదో నేనే చెప్పాలి.

అప్పట్లో నాకు పందొమ్మిదేళ్ళు. మన్యంలో పితూరీ అణిగి ఏడాదైనా కాలేదు. నన్ను మా అమ్మకు స్వయానా తమ్ముడైన మావయ్యకే ఇచ్చి పెళ్ళి చేశారు. మా ఇళ్ళల్లో అది మామూలే. పిల్ల బయటికి పోలేదని అందరికీ ముచ్చట. మావయ్య ఫారెస్టు గార్డు. అరకు లోయలో మాకిచ్చిన పెంకుటింటికి ఆనుకుని ఒక జమీందారు వేసవి బంగళా ఉండేది. జమీందారు ఏడాదికి ఒక్కసారి వచ్చేవాడు, అదీ పావురాల పందెం కోసం. మిగిలిన రోజుల్లో ఆ బంగళాకూ, వెనకనున్న గూళ్ళకూ అప్పన్న తాతే యజమాని. విజయనగరం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉండిపోయినవాడు. పెళ్ళాంబిడ్డలు లేరు.

నేను ఆ కొండల్లోకి వెళ్ళింది బిడ్డను పోగొట్టుకుని. నా మొదటి కొడుకు తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా గట్టిగా ఏడవలేదు. దిష్టి అన్నారు, గాలి అన్నారు. నేను పొయ్యి ముందు కూర్చుంటే అన్నం మాడిపోయేదాకా కూర్చునేదాన్ని. ఒకనాడు కంచె అవతలి నుంచి తాత పిలిచాడు. "అమ్మా, ఊరికే కూకోకు. ఇలగొచ్చి ఈ పిట్టని పట్టుకో." పావురం కాళ్ళను రెండు వేళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో రెక్కల మొదలు ఎలా పట్టుకోవాలో చూపించాడు. నా గుప్పిట్లో దాని గుండె గబగబా కొట్టుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. తాత అటు తిరిగి చోళ్ళు జల్లుతూ నిలబడ్డాడు.

నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆ పని. గుడ్డును ఎండకెత్తి ఎర్రటి నరాలు కట్టాయో లేదో చూడడం, ఈక మొదలు చూసి జబ్బు పోల్చుకోవడం, ఊరికే గంటలు గంటలు కనిపెట్టి ఉండడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "సూడు. ఏదో ఒకటి అనీకు, ముందు సూడు," అనేవాడు. నోటి దురుసు ఎక్కువైన నాకు ఆ మాట వంటబట్టడానికి చాలా కాలం పట్టింది.

చూడడం వచ్చాకే భయం మొదలైంది. గూళ్ళలో నలభై పావురాలుండేవి. నలభైకీ ఒకటే బూడిదరంగు, ఒకటే తెల్లటి ముత్యపు కన్ను. నేను లోపలికి అడుగుపెడితే నలభై తలలూ ఒక్కసారే తిరిగేవి. పావురాల గూడంటే కువకువలతో చెవులు హోరెత్తాలి. అక్కడ చప్పుడుండేది కాదు.

అవన్నీ ఒకే పావురం సంతానం. దాని పేరు ముత్యాలు. కింద శృంగవరపుకోట దగ్గర వదిలితే, మంచు కమ్మిన ఘాటీ మీదుగా, పక్క లోయ కాఫీ తోట దొర పావురాల కంటే ముందు గూటికి చేరేదట. వరసగా ఐదేళ్ళు అదే గెలిచింది. ఎడమ రెక్క కింద ఒకే ఒక్క తెల్ల ఈక. దాన్ని డేగ కొట్టేశాక తాత దాని కొడుక్కి దాని కూతుర్నే జతకట్టాడు. పుట్టినదాన్ని మళ్ళీ తండ్రికే కట్టాడు. అలా పన్నెండేళ్ళు.

"బయటి పావురాన్ని ఒక్కదాన్ని తేకూడదా తాతా?" అన్నాను.

"బయటి నెత్తురు కలిపితే మరది ముత్యాలెలగవుతాది? దాని నెత్తుర్ని దాంట్లోకే తిప్పుతా ఉంటే ఎప్పుడో ఒకనాడు అదే వత్తాది. దార్లో ఉందమ్మా."

ఆ ఏడాది పొదిగిన గుడ్లలో సగం పగిలి పిల్లలు కాలేదు. అయినవాటిలో ఒకదానికి కాలివేళ్ళు అతుక్కుని ఉన్నాయి. ఒకదాని మెడ వెనక్కి తిరిగి ఉండేది. వీపు వైపు చూస్తూనే నాలుగు రోజులు బతికింది. మేతకు నోరు తెరవలేదు, చప్పుడు చెయ్యలేదు. అది పోతే తాత గుడ్డలో చుట్టి పెరట్లో పాతాడు. కంట తడి కూడా లేదు. "ఇదీ ముత్యాలే. దార్లో ఆగిపోనాది. మళ్ళీ బయల్దేరతాది," అన్నాడు. అప్పటికి నాకు మూడో నెల. ఆయన నా వంక నిదానంగా చూశాడు. "నీ మొగుడు నీకు మేనమావే కదా? మంచిదే. నెత్తురు సెదర్నేదు. భయపడకు, ఆ ఎల్పోయినోడే మళ్ళీ వత్తాడు."

ఆయన నన్ను ఓదార్చాననుకున్నాడు. నేను ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. నా కడుపులో ఉన్నది నా బిడ్డేనా, లేక దారిలో ఆగిపోయింది మళ్ళీ బయలుదేరి వస్తోందా? మావయ్యకు చెబితే నవ్వి, పావురాల జోలికి పోవద్దన్నాడు.

బుద్రి అని ఒక కొండమనిషి మా వీధికి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్మడానికి వచ్చేది. బంగళా పెరట్లోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. ఎందుకని అడిగితే అంది కదా: "ఆ పిట్టలకి వంశం నేదు గార్డమ్మా. మావు గెద్ద వంశపోళ్ళం. గెద్దోళ్ళ గుంటడు గెద్దోళ్ళ గుంటని సేసుకుంటే ఊరు ఎలేత్తాది. మరి ఇయ్యేటి, తండ్రీ కూతురూ ఒక్క గూట్లోన!" దాని ఇంటి చూరులో నాటు పావురాలుండేవి. అప్పుడే పొదగడానికి కూర్చున్నదాని కింద నుంచి ఒక గుడ్డు తెచ్చిపెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. నా కడుపు వంక చూసి తలూపింది.

తాత సంతకు వెళ్ళిన మధ్యాహ్నం ఆ గుడ్డును చీర కుచ్చిళ్ళలో పొట్టకు ఆనించి దాచుకుని గూట్లోకి వెళ్ళాను. అన్నాచెల్లెలి జత పొదుగుతున్న గుడ్లు రెండూ ఎండకెత్తి చూశాను. నరాలు లేవు. అవి తీసేసి ఇది పెట్టాను. నలభై జతల కళ్ళు నన్నే చూస్తున్నాయి. తీసిన రెంటినీ మా అరటిచెట్టు కింద పాతిపెట్టాను. ఎందుకు చేశానని అడిగితే ఒకటే జవాబు: ఆ గూట్లో ఒక్క పిల్లైనా బతకడం నేను చూడాలి. చూస్తేగాని నాకు నిద్ర పట్టేలా లేదు.

పిల్ల బతికింది. మేతకు అరిచింది. తాత పొంగిపోయాడు, నేనూ పొంగిపోయాను. ఈకలు దిగాక ఒక ఉదయం తాత దాని ఎడమ రెక్క విప్పి, అలాగే నేల మీద కూలబడ్డాడు. రెక్క కింద తెల్ల ఈక, ఒక్కటే. మూడో నెలకు దాని కళ్ళు తేటపడి ముత్యాల్లా అయ్యాయి. ముత్యాలు చచ్చిపోయాక ఏ పావురమూ ముట్టని పగులు కుండ ఒకటి మూలనుండేది. ఇది తిన్నగా వెళ్ళి అందులో కూర్చుంది.

"వచ్చినాది," అన్నాడు తాత. పన్నెండేళ్ళ ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు.

బుద్రి చూరులో ముత్యపు కన్ను పావురం ఒక్కటీ లేదు, వెళ్ళి చూసి వచ్చాను. "తాతా, అది..." అని మొదలుపెట్టాను. ఆయన పిట్టను తెచ్చి నా చేతుల్లో పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ నిలబడ్డాడు. పిట్టను నిమిరి ఆయనకే తిరిగి ఇచ్చేశాను. మార్గశిరంలో, ఎదుటి మనిషి కనబడనంత మంచులో, ఆ పిట్ట దొర పావురాల కంటే ముందు గూటికి వచ్చి పందెం గెలిచింది. "సూసినావా? నెత్తురికి దారి తెలుసు," అన్నాడు.

పుష్యంలో నాకు కూతురు పుట్టింది. పురుటికి వచ్చిన మా అమ్మ వద్దంటున్నా తాత గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆయన వంగి చూసి, "వచ్చినావా? ఇన్నాళ్ళూ ఏటి సేసినావు దార్లోన?" అన్నాడు. పిల్ల ఠక్కున ఏడుపు మాని ఆయన వైపు చూసింది. మా అమ్మ కెవ్వుమంది. గుడ్డు మార్చింది నేనే. ఆ వచ్చింది ముత్యాలు కాదని లోకంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా ఆ క్షణాన పిల్లను లాక్కుని గుండెకు అదుముకున్నాను.

వేసవి రాకముందే తాత పోయాడు. మూడోనాడు బుద్రి వచ్చింది, ఆకులు లేకుండా. "మీ పిట్ట మా ఇంటికొచ్చీసినాది గార్డమ్మా," అంది. నేను కొండ దాటి వెళ్ళి చూశాను. తాను గుడ్డుగా ఏ చూరులో ఉండేదో సరిగ్గా అక్కడే కూర్చుని ఉంది. ఆ ఊరికి అది వచ్చింది ఎన్నడూ లేదు. కళ్ళు తెరవకముందే, గుడ్డుగా బుద్రి చేతుల్లోనూ, ఆ తరవాత నా పొట్ట మీదా ఆ దారి దాటిపోయింది, అంతే. నెత్తురికి దారి తెలుసని తాత అన్నది నిజమే కావచ్చు. ఏ నెత్తురో ఆయనకు తెలియదు. నన్ను చూసినా అది చేతికి రాలేదు.

నా కూతురు నిక్షేపంగా పెరిగింది. ఏ లోపమూ లేదు. పదహారేళ్ళు నిండగానే మా తమ్ముడు, నేను ఎత్తుకు పెంచినవాడు, పిల్లను తనకిమ్మని అడగడానికి వచ్చాడు. అడగడమేమిటి, అందరి మనసుల్లోనూ అది ఎప్పుడో ఖాయమైన మాటే. విస్తరి ముందు కూర్చుని పప్పు కలుపుకుంటూ, "ముహూర్తం ఎప్పుడెట్టించమంతావక్కా?" అన్నాడు.

"పిల్లనివ్వను," అన్నాను.

"నాలోన తక్కువేటి?" అన్నాడు. వాడిలో ఏ తక్కువా లేదు. నా కూతురు ఒక్కసారి వచ్చిందే చాలు, నెత్తుర్ని దాంట్లోకే తిప్పి ఎవరి కోసమో ఎవర్నో మళ్ళీ మళ్ళీ రప్పించే ఇంట్లోకి దాన్ని పంపలేనని చెబితే పిచ్చిదన్నా అనేవాడు, నవ్వన్నా నవ్వేవాడు. నేను ఇంకో గరిటె పప్పు వడ్డించబోయాను. వాడు కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచిపోయాడు. మళ్ళీ నా గడప తొక్కలేదు. నేను వెళితే ఇంట్లో లేనని చెప్పించేవాడు.

నా కూతుర్ని బయటివాళ్ళకిచ్చాను. సుఖంగా ఉంది. చూసి గాని మాట్లాడొద్దని తాత నేర్పాడు. చూశాక మాట్లాడాలని మాత్రం నేను ఆయన దగ్గరా నేర్చుకోలేదు, నా అంతట నేనూ నేర్చుకోలేదు. తమ్ముడు పోయి పదేళ్ళయింది. పావురాల సంగతి ఆ రోజు వాడికి చెప్పి ఉంటే, పిల్లనివ్వకపోయినా, కనీసం ఆ అన్నం తిని లేచేవాడేమో.