కిటికీలో పెట్టిన గ్లాసు

ఆ ఏడు అమ్మ వెనకగదిలోనే ఉండేది. పసుపు సీజనులో మార్కెట్‌యార్డుకు కొమ్ములు ఏరే పనికి పోయి పోయి, ఆ దుమ్ముకు దగ్గు పట్టిందని అందరం అనుకున్నాం. నాయినమ్మ మిరియాల కషాయం కాచిపోసింది. తగ్గలేదు. చలికాలం చివర్లో బాపు అమ్మను బస్సెక్కించి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ ఎక్స్‌రే తీసి క్షయ అన్నారు. ఆ సాయంత్రం నుంచే అమ్మ కంచం, గ్లాసు, చాప వేరయ్యాయి. నన్ను గడప దాటి లోపలికి రావద్దని అమ్మే చెప్పింది.

అప్పుడు నేను ఆర్మూరు బడిలో ఏడో తరగతి. పంతొమ్మిదివందల అరవైలు మొదలైన కొత్త. మా డ్రాయింగు సారు ఉర్దూ చదువు చదువుకున్న మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు క్లాసయ్యాక, వచ్చేసారి తలా ఒక గిన్నో చెంబో ఇంటినుంచి తెమ్మన్నాడు. బల్లమీద పెట్టి చూసి గీయాలట.

నాయినమ్మను అడిగితే, "ఇత్తడివి ఇయ్య. సొట్టపోతే మీ సారు తీస్తడా?" అంది.

ఆ మాట వెనకగదిలోకి వినబడింది. అమ్మ గడపదాకా వచ్చి కూర్చుంది.

"నా గిలాస తీస్కపో బిడ్డా."

"మరి నీకు?"

"ఒక్క దినం దోసిట్ల పోయించుకొని తాగుత. బూడిదతోని మంచిగ తోము. మసలే నీళ్లు పోసి ఎండకు బోర్లియ్యి."

అది ఇనుము మీద తెల్ల పింగాణి పూత వేసిన గ్లాసు. అంచున నీలం గీత. ఒకచోట పెచ్చు ఊడి కింది ఇనుము నల్లగా కనిపించేది. నేను తోముతున్నంతసేపూ, అది ఎండలో ఆరినంతసేపూ అమ్మ గడప దగ్గరే కూర్చుని చూసింది.

క్లాసులో సారు బల్లమీద దుప్పటి పరిచి, ఒక ఇత్తడి బిందె, లాంతరు, కొలిచే మానిక పెట్టాడు. వాటన్నిటికీ ముందు నా గ్లాసు పెట్టాడు. బిందె పసుపురంగు పక్కన అది తెల్లగా మెరిసింది.

"గిలాస మూతి గుండ్రమని మీకు ఎర్కే. గాని మీరు కూసున్న కాడనే ఉండి చూస్తే గుండ్రంగ కానొస్తున్నదా? జర చూసి చెప్పుండ్రి," అన్నాడు.

అందరూ నా గ్లాసు వైపే చూస్తుంటే నాకు గర్వంగా ఉంది. అప్పుడే మా వాడకట్టు పిల్ల ఒకతి లేచి నిలబడింది.

"సార్, గది వాళ్లమ్మది సార్. వాళ్లమ్మకు దగ్గు రోగం. వాళ్లింట్ల నీళ్లు గూడ తాగొద్దని మా అమ్మ చెప్పింది."

ముందు బెంచీ వెనక్కి జరిగింది. నేను తల వంచుకున్నాను.

సారు నా వైపు తిరిగాడు. "కడిగినవా బేటీ?" అని అడిగాడు.

"కడిగిన సార్. మసలే నీళ్లు పోసిన."

ఆయన గ్లాసును రెండు చేతులతో తీశాడు. మళ్లీ అక్కడే పెడతాడనుకున్నాను. పెట్టలేదు. తీసుకుపోయి కిటికీలో పెట్టాడు.

"ఎవ్వరు భయపడకుండ్రి. మీరు బల్ల మీదివి గియ్యుండ్రి. నువ్వు గిది గియ్యి," అన్నాడు నాతో.

గొంతులో కోపం లేదు. కానీ ఆ తర్వాత జేబురుమాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. సుద్దపొడి తుడుచుకున్నాడేమో, ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం నాకు ఒకటే అర్థం తోచింది.

క్లాసంతా బల్ల వైపు తిరిగితే నేనొక్కదాన్నీ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మొదట పెన్సిలు గట్టిగా నొక్కితే కాయితం చిరిగింది. ఇంకో కాయితం తీశాను. వెలుగు వెనకనుంచి పడుతోంది. తెల్ల గ్లాసు నా వైపు బూడిదరంగులో ఉంది, అంచు మాత్రం మెరుస్తోంది. అమ్మ నీళ్లు తాగేముందు గ్లాసును కొంచెం తిప్పుకునేది. పెచ్చు ఊడినచోటు పెదవికి తగలకుండా అలా తిప్పుకునేదని గీస్తున్నప్పుడే నాకు తట్టింది. ఆ తర్వాత చుట్టూ ఎవరేం చేస్తున్నారో నాకు పట్టలేదు.

గంట కొట్టాక సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. ఎప్పుడూ ఎర్రపెన్సిలుతో దిద్దే మనిషి, ఆ రోజు దిద్దలేదు.

"మీ అమ్మకు సూదులు ఇస్తుండ్రా?"

"ఇస్తుండ్రు సార్."

"మధ్యల ఆపనియ్యకు. మంచిగైందని మా అన్న ఆపిండు." అంతే చెప్పి వెళ్లిపోయాడు. ఆ అన్న ఏమయ్యాడో నేను అడగలేదు.

ఇంటికి రాగానే అమ్మ గడప దగ్గరకు వచ్చింది. "అందరు గీసిండ్రా?"

"అందరు గీసిండ్రు."

"ఏమన్నరు?"

"మస్తు మంచిగున్నదన్నరు."

బొమ్మను దూరంనుంచే పట్టుకుని చూపించాను. అమ్మ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని మెడ ముందుకు చాచి చూసింది. "నా గిలాసేనా గిది? గింత సక్కగున్నదా?" అని నవ్వింది. ఆ నవ్వు వెంటనే దగ్గయింది.

ఎండాకాలానికి అమ్మ ఒంట్లోకి కొంచెం కండ వచ్చింది. ఇక సూదులు చాలంది. నాయినమ్మ కూడా అదే మాట. బాపు ఎటూ తేల్చుకోలేక ఊరుకున్నాడు. నేను సారు వాళ్లన్న సంగతి చెప్పి గట్టిగా ఏడ్చాను. మర్నాడు బాపు పని మానుకుని అమ్మను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాడు. ఏడాదిన్నర దాకా ఆ మందులు ఆపలేదు. అమ్మ బతికింది. కానీ యార్డు పనికి మళ్లీ పోలేదు. మా ఎవరి గ్లాసుతోనూ నీళ్లు తాగలేదు.

కొన్నేళ్లకు నేను టీచరు ట్రైనింగుకు బయల్దేరుతూ పెట్టె సర్దుకుంటుంటే, అమ్మ నా చీరలు మడతపెడుతోంది. ఆ రోజు బడిలో జరిగింది అప్పుడు చెప్పాను. అబద్ధమాడానని చెప్పాను.

"నాకెర్కే," అంది తలెత్తకుండా. "గా పిల్ల తల్లి గా దినమే గోడ అవుతల నిలవడి మీ నాయినమ్మకు చెప్పింది."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితే నువ్వు ఏడ్వవా? దగ్గరికి తీసుకుందామంటే నిన్ను ముట్టుకునే దినాలు కావాయె."

మడత పెట్టిన చీరను నా చేతికిచ్చి ఇంకోటి అందుకుంది.